గాజులోని జీర

చెన్నూరు వంటి ఊరిలో పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసి జీవించే యువకుడొకడు కొత్త కటకం కొనే స్తోమత లేక, ఎవరో వాడి అమ్మజూపిన పాతదానికోసం హైదరాబాదు కోఠికి పోయినాడనుకుందాం. అంగడివాడు కటకాన్ని చేతిలో పెట్టగానే అతడు దానిని వెలుతురుకు ఎత్తి చూస్తాడు. లోపల చిన్న బుడగ ఒకటి కనిపిస్తే అతని మనస్సు చివుక్కుమంటుంది. ధర తగ్గించమని బేరం మొదలుపెడతాడు. గాజు నిర్మలంగా, నీటిబొట్టువలె మెరిస్తే సంతోషించి అడిగినంతా ఇచ్చివేస్తాడు. ఈ బేరంలో అతడు రెండు విధాలా పొరబడవచ్చు. బుడగ ఉన్న కటకం మేలైనది కావచ్చు; నిర్మలంగా తోచినది పనికిమాలినది కావచ్చు.

లెక్క వేసి చూస్తే సంగతి తేలుతుంది. 50 మిల్లీమీటర్ల వ్యాసం గల కటకంలో అర మిల్లీమీటరు బుడగ ఉన్నదనుకుంటే, అది అడ్డగించే వెలుగు మొత్తంలో పదివేల వంతులలో ఒక వంతు మాత్రమే. చిత్రంలో ఆ లోటును కనుగొనడం ఎవరి తరమూ కాదు. జీర మాట వేరు. కరిగిన గాజు సరిగా కలియక ఒకచోట చిక్కగా, మరొకచోట పలుచగా ఉండిపోయి చల్లారితే, ఆ భేదం గాజు లోపల దారాలవలె, తెరలవలె నిలిచిపోతుంది. బెల్లపు పాకాన్ని నీళ్ళలో పోసి కలపకుండా చూచినప్పుడు కనిపించే మెలికలు అటువంటివే. మే నెలలో చెన్నూరు దగ్గర గోదావరి ఇసుకపై నిలిచి అవతలి గట్టును చూచినవారికి, వేడిగాలి పొరల గుండా చెట్లు వణకినట్లు తోచడం అనుభవమే. అక్కడ గాలి చేసే పనిని కటకంలో జీర చేస్తుంది. బుడగ కొంచెం వెలుగును ఆపి ఊరుకుంటుంది; జీర వెలుగును దారి తప్పిస్తుంది. పైగా అది మామూలు చూపుకు కనిపించదు.

అయితే నేటి కెమెరా కటకాలలో జీర ఉన్నదేమోనని కొనేవాడు దిగులుపడవలసిన అవసరం దాదాపు లేదు. ఆ దిగులును మనకు లేకుండా చేసినవారిలో మొదట చెప్పదగినవాడు, మన విద్యార్థులు భౌతికశాస్త్ర పుస్తకంలో సూర్యుని వర్ణపటంలోని నల్లని గీతల పేరుగా మాత్రమే ఎరిగిన జోసెఫ్ ఫ్రాన్‌హోఫర్.

1787 మార్చి 6న జర్మన్ దేశంలోని బవేరియా రాజ్యంలో, డాన్యూబు నది ఒడ్డున ఉన్న స్ట్రౌబింగ్ అనే పట్టణంలో ఆయన జన్మించినాడు. తండ్రి కిటికీలకు గాజు పలకలు అమర్చే పనివాడు. ఆ ఇంట పదకొండవ సంతానం జోసెఫ్. బడి చదువు అంతంతమాత్రం. తండ్రి పనిలో చేయి సాయం చేయడంతోనే బాల్యం గడిచినది. పదవ ఏట తల్లి, పదకొండవ ఏట తండ్రి కన్ను మూసినారు. సంరక్షకులు పిల్లవానిని మొదట తరిమెన పనికి పెట్టదలచినారు గాని, ఆ పనికి చాలిన బలం ఆ బక్క శరీరానికి లేకపోయినది. అందుచేత 1799లో మ్యూనిక్ నగరంలో ఆస్థానానికి అద్దాలు చేసే వైక్సెల్‌బెర్గర్ అనే యజమాని వద్ద శిష్యునిగా చేర్చినారు. ఒప్పందం ఆరు సంవత్సరాలు. పని నేర్పినందుకు చెల్లించడానికి రుసుము లేదు కనుక జీతం లేకుండా పని చేయాలి.

పని నేర్పుతానన్న యజమాని నేర్పినది తక్కువ, చేయించుకున్న చాకిరి ఎక్కువ. వృత్తి నేర్చుకునే కుర్రవాళ్ళ కోసం మ్యూనిక్‌లో సెలవురోజుల పాఠశాల ఒకటి ఉండేది. అక్కడికి పోవడానికి జోసెఫ్‌కు అనుమతి దొరకలేదు. రాత్రి పడుకునే గదికి కిటికీ లేదు. దీపం వెలిగించుకోరాదని కట్టడి. వెలుగు నడకను ముందుముందు ఇంత నిశితంగా కొలవబోయే బాలుడు చదువుకోవడానికి వెలుగు లేక ఆ చీకటి గదిలో గడిపినాడు.

1801 జూలై 21న ఆ ఇల్లు కూలిపోయినది. యజమాని భార్య శిథిలాల క్రింద మరణించింది. జోసెఫ్ మాత్రం దూలాలు అడ్డుపడి ఏర్పడిన సందులో ప్రాణాలతో చిక్కుకొనిపోయినాడు. పైనుండి మాట వినిపిస్తున్నది, బదులు పలుకుతున్నాడు, కాని చేయి అందడం లేదు. ఒక్క రాయి తప్పుగా కదిలితే మిగిలినదీ కూలుతుంది. గంటల తరబడి జాగ్రత్తగా తవ్వి పద్నాలుగేళ్ళ ఆ కుర్రవానిని బయటికి తీసినారు. బవేరియా పాలకుడు మాక్సిమిలియన్ జోసెఫ్ స్వయంగా అక్కడికి వచ్చి రక్షణ పనులను చూచినాడు. బ్రతికి బయటపడిన అనాథకు పద్దెనిమిది బంగారు నాణేలు బహూకరించినాడు. అక్కడే ఉన్న మరొకరు జోసెఫ్ ఫాన్ ఉట్‌ష్నైడర్. ఆయన ప్రభుత్వోద్యోగాలు చేసిన వ్యాపారవేత్త, పరిశ్రమలు స్థాపించాలన్న తపన గలవాడు. కుర్రవాడు ఏమి కావాలనుకుంటున్నాడో కనుక్కొని గణితము, దృష్టిశాస్త్రము బోధించే పుస్తకాలు తెచ్చి ఇచ్చినాడు.

పాలకుడిచ్చిన సొమ్మును ఆ బాలుడు వాడుకున్న తీరు గమనించదగినది. కొంత సొమ్ముతో గాజు సానపట్టే యంత్రం కొన్నాడు. మిగిలినదానిలో కొంత యజమానికి చెల్లించి, శిష్యరికంలో మిగిలి ఉన్న చివరి ఆరు నెలలను కొనుక్కొని విముక్తుడైనాడు. స్వతంత్రంగా బ్రతుకుదామని లోహపు పలకలపై చెక్కి పేరు కార్డులు అచ్చువేసే పని మొదలుపెట్టినాడు. యుద్ధకాలం, ఊరిలో కార్డులు అచ్చువేయించుకునే ఉత్సాహం ఎవరికి ఉంటుంది? వ్యాపారం సాగలేదు. తిరిగి పాత యజమాని వద్దకే కూలికి పోవలసివచ్చినది. కాని ఈసారి చేతిలో పుస్తకాలున్నవి. 1806లో ఉట్‌ష్నైడర్ భాగస్వామిగా ఉన్న గణిత యంత్ర సంస్థలో ఉద్యోగం దొరికేనాటికి, కటకాల వంపును లెక్కగట్టడం తనంతట తాను నేర్చుకున్నాడు.

ఆ సంస్థ భూమి కొలిచే పరికరాలు, దూరదర్శినులు తయారుచేసేది. యంత్రభాగంలో దానికి సాటి లేదు; దానిని పీడించిన సమస్య గాజు. ఒకే గాజుతో చేసిన కటకం రంగులన్నిటినీ ఒకే చోట కేంద్రీకరించలేదు కాబట్టి బొమ్మ చుట్టూ రంగుల అంచు ఏర్పడుతుంది. క్రౌను గాజు కటకాన్ని, సీసం కలిసిన ఫ్లింటు గాజు కటకాన్ని జతపరిస్తే ఆ దోషం చాలావరకు పోతుందని ఇంగ్లండులో డాలండ్ 1758లో ఆచరణలో చూపినాడు. అప్పటినుండి ఫ్లింటు గాజుకు గిరాకీ పెరిగినది. కాని చిన్నచిన్న ముక్కలు తప్ప నాలుగైదు అంగుళాల నిర్దోషమైన ఫ్లింటు పలక దొరకడం గగనమైపోయినది. సీసం బరువైనది కావడంచేత మూసలో అడుగుకు దిగుతుంది. పైభాగం పలుచన, అడుగుభాగం చిక్కన అవుతుంది. ఈ రెంటి నడుమ మెలికలు తిరిగే జీరలు పుడతవి. కరిగిన గాజును కలపుదామంటే దేనితో కలపాలి? ఇనుప కడ్డీ పెడితే గాజుకు రంగు పడుతుంది. కట్టె పెడితే కాలిపోతుంది.

దీనికి ఉపాయం కనుగొన్నవాడు పండితుడు కాడు. స్విట్జర్లండులోని లె బ్రెనె గ్రామానికి చెందిన పియర్ లూయీ గినాన్ గడియారాలకు పెట్టెలు చేసిన వడ్రంగి, గంటలు పోత పోసిన పనివాడు. మంచి దూరదర్శిని చేసుకోవాలన్న కోరికతో సొంత కొలిమి కట్టుకొని, సంవత్సరాల తరబడి సంపాదించినదంతా అందులో ధారపోసినాడు. చివరకు కొలిమి వేడికి తట్టుకునే మట్టితోనే కడ్డీ చేసి, దానితో కరిగిన గాజును కలియబెట్టే పద్ధతిని సాధించినాడు. పాయసం అడుగంటకుండా కలియబెట్టే ఇల్లాలికి ఇది పెద్ద విశేషంగా తోచకపోవచ్చు. కాని పెద్ద కటకాల చరిత్ర ఆ మట్టి కడ్డీతోనే మొదలైనది.

ఉట్‌ష్నైడర్ గినాన్‌ను బవేరియాకు పిలిపించినాడు. మ్యూనిక్‌కు దక్షిణంగా, ఆల్ప్స్ పర్వతాల పాదంలో ఉన్న బెనెడిక్ట్‌బోయెర్న్ అనే ఊరిలో, సన్యాసులు ఖాళీ చేసిన ప్రాచీన మఠాన్ని కొని అక్కడ గాజు కొలిమి నెలకొల్పినాడు. 1807లో ఫ్రాన్‌హోఫర్ అక్కడికి చేరినాడు. మొదట సానపట్టే విభాగం, తరువాత 1809 నుండి గాజు కరిగించే రహస్యం అతని చేతికి వచ్చినవి. అరవై ఏళ్ళు దాటిన గినాన్‌కు, ఇరవై రెండేళ్ళ ఈ యువకునికి పొసగలేదు. ఇందులో ఎవరిది తప్పని నిర్ణయించడం కష్టం. చేతి అనుభవమే ప్రమాణమనుకున్న వృద్ధునికి, ప్రతిదానిని కొలిచి వ్రాసి పెట్టాలనే యువకుడు అహంకారిగా తోచి ఉండవచ్చు. తాను ప్రాణం పెట్టి సాధించిన విద్య తనకంటె చిన్నవాని అధికారం క్రిందికి పోవడం ఎవరికైనా బాధాకరమే. గాజు చేయరాదన్న షరతుపై భృతి పుచ్చుకొని 1814లో గినాన్ స్వదేశానికి వెళ్ళిపోయినాడు. తరువాత ఆ షరతును, భృతిని వదులుకొని మరల కొలిమి రగిల్చి, 1824లో మరణించేవరకు గాజు చేస్తూనే ఉన్నాడు. ఫ్రాన్‌హోఫర్ కీర్తిని చెప్పుకునేటప్పుడు ఈ వృద్ధుని పేరు మరువడం న్యాయం కాదు.

ఫ్రాన్‌హోఫర్ చేసిన పని గినాన్ పనికి భిన్నమైనది. గాజు బాగున్నదా లేదా అన్నదానిని కంటి అంచనాకు విడిచిపెట్టక, దానిని కొలతగా మార్చినాడు. ఒకే మూసలో కరిగిన గాజు నుండి పైభాగాన ఒక ముక్క, అడుగున ఒక ముక్క కోసి, రెంటినీ పట్టకాలుగా సానపట్టి, అవి వెలుగును ఎంత వంచుతున్నవో కొలిచేవాడు. రెండు కొలతలు ఒకటైతే గాజు అంతటా సమంగా కలిసినట్లు. భేదముంటే కరగడంలోనో కలపడంలోనో లోపమున్నట్లు. అంతవరకు గాజు పనివాడు జీరను చూచినప్పుడు విధిని నిందించేవాడు. ఇప్పుడు కారణం వెదకి, మరుసటి కరుగులో దిద్దుకునే వీలు కలిగినది.

కాని కొలతలో ఒక చిక్కు ఎదురైనది. పట్టకం ఎరుపును ఎంత వంచినది, పసుపును ఎంత వంచినది అని చెప్పాలి. ఎరుపు ఎక్కడ ముగిసి నారింజ ఎక్కడ మొదలవుతుంది? వర్ణపటంలో రంగులు ఒకదానిలో ఒకటి కరిగిపోతవి. గుడ్డ కొలవడానికి గజంబద్ద ఉన్నది. రంగులో గుర్తు ఎక్కడ పెట్టేది? మొదట ఆయన దీపాలతో ప్రయత్నించినాడు. ఏడు వందల అడుగులకు దగ్గర దూరంలో దీపాలు వరుసగా నిలిపి, వాటి వెలుగును పట్టకం గుండా దూరదర్శినితో చూచినాడు. దీపజ్వాల వర్ణపటంలో నారింజ ప్రాంతాన ప్రకాశవంతమైన గీత ఒకటి ఎప్పుడూ అదే స్థానంలో కనిపించినది. సూర్యకాంతిలోనూ అటువంటి గుర్తు ఉన్నదేమో చూడాలనుకున్నాడు.

చీకటి గది కిటికీ తలుపులో సన్నని చీలిక చేసి, దానిగుండా సూర్యకాంతిని లోనికి రానిచ్చి, ఇరవై నాలుగు అడుగుల దూరంలో కోణాలు కొలిచే పరికరాన్ని, దాని దూరదర్శిని ముందు ఫ్లింటు గాజు పట్టకాన్ని అమర్చినాడు. ఆయన వెదకినది వెలిగే గీత. కనిపించినవి నల్లని గీతలు. సన్ననివి, లావైనవి, దగ్గర దగ్గరగా గుంపులు కట్టినవి, దూరంగా ఒంటరిగా నిలిచినవి. చీలికను పెద్దది చేసి, చిన్నది చేసి, దూరాలు మార్చి చూచినాడు. అవి పరికరపు దోషం కావు, కంటి భ్రమ కావు, సూర్యకాంతిలోనే ఉన్నవి. ఇంగ్లండులో వోలస్టన్ 1802లో అటువంటి గీతలు కొన్ని చూచినా, రంగుల నడుమ హద్దులనుకొని విడిచిపెట్టినాడు. ఫ్రాన్‌హోఫర్ 574 గీతలను లెక్కించి పటం గీచినాడు. ప్రధానమైనవాటికి ఎ, బి, సి, డి అంటూ రోమన్ లిపి అక్షరాలు పేర్లుగా పెట్టినాడు. దీపంలో వెలిగే గీత ఉన్నచోటనే సూర్యునిలో జంటగా ఉన్న నల్లని డి గీత ఉన్నదని గుర్తించినాడు. 1814 నాటి ఈ పరిశీలన 1817లో మ్యూనిక్ అకాడమీ గ్రంథంలో వెలువడినది.

ఆ గీతలు ఎందుకు పుడుతున్నవో ఆయనకు తెలియదు. తెలియదన్నందుకు సిగ్గుపడనూ లేదు, ఊహలతో పూరించనూ లేదు. వాటిని వెదకినది గాజు కోసం; గాజు పని నెరవేరినది. ఫలానా గీతకు ఫలానా గాజు వక్రీభవన గుణకం ఇంత అని దశాంశ స్థానాల వరకు చెప్పగలిగినాడు. నేటికీ గాజు తయారీదారులు తమ పట్టికలలో వర్ణపట గీతల పేర్లతోనే వక్రీభవన గుణకాలను తెలుపుతారు. పని ముగిసిన తరువాత కూడా ఆయన పట్టకాన్ని క్రింద పెట్టలేదు. చంద్రుని వైపు, శుక్రుని వైపు త్రిప్పి సూర్యుని గీతలే అక్కడ ఉన్నవని చూచినాడు. లుబ్ధక నక్షత్రం వైపు త్రిప్పితే గీతల అమరిక వేరుగా ఉన్నది. 1821లో సన్నని తీగలను సమాంతరంగా బిగించి చేసిన జాలకంతో, పట్టకం సహాయం లేకుండానే వర్ణపటాన్ని సృష్టించి, ఆ గీతల తరంగదైర్ఘ్యాలను కొలిచినాడు.

పాత కటకాలు కొనేవారు తప్పక తెలుసుకోదగిన మరొక పరిశీలన ఆయన చేసినాడు. ఏ గాజు ఎంతకాలం చెడకుండా ఉంటుందో తెలుసుకోవడానికి గాజు ముక్కలను గాఢమైన ఆమ్లాలలో ఉంచి పరీక్షించేవాడు. ఆమ్లం సోకి పైపొర మారిన గాజు, మెరుగుదిద్దిన కొత్త గాజుకంటె తక్కువ వెలుగును వెనుకకు త్రిప్పుతున్నదని 1817 ప్రాంతంలో గమనించినాడు. ఆ సంగతి చాలాకాలం మరుగున పడిపోయినది. 1892లో ఇంగ్లండులోని యార్క్ నగరంలో కుక్ సంస్థలో పనిచేసే డెన్నిస్ టేలర్, ఏళ్ళతరబడి గాలి తగిలి నీలిరంగు తిరిగిన పాత కటకం కొత్తదానికంటె ఎక్కువ వెలుగును పోనిస్తున్నదని తెలుసుకున్నాడు. మాసిపోయినదని తీసివేసిన గాజు మేలైనదిగా తేలినది! నేటి కటకాలపై ఊదా, నీలి రంగులలో మెరిసే పూత ఈ తెలివిడి నుండి పుట్టినదే. పాత కటకంపై సమంగా పరచుకున్న నీలి ఛాయ చూచి వెనుదీయడం కూడా పొరబాటే.

ఫ్రాన్‌హోఫర్ జీవితంలో ఒక ముల్లు ఎప్పుడూ మిగిలే ఉన్నది. విశ్వవిద్యాలయంలో చదువుకోనివాడు, గ్రీకు లాటిన్లు రానివాడు, చేతిపనివాడు. అటువంటివాడు విద్వాంసుల సభలో సమానుడుగా కూర్చోవడం అకాడమీలోని కొందరికి రుచించలేదు. 1817లో దూరసభ్యునిగా, 1821లో అదనపు సభ్యునిగా మాత్రమే చేర్చుకున్నారు. అదే కాలంలో ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరు పట్టమిచ్చినది. 1823లో అకాడమీ భౌతిక పరికరాలశాలకు ఆయన అధిపతి అయినాడు. మరుసటి సంవత్సరం రాజు కులీన బిరుదమిచ్చినాడు. విద్వాంసులలో కొందరి సంకోచానికి మరొక కారణం లేకపోలేదు. వెలుగును గురించి తెలుసుకున్నదంతా ఆయన ప్రకటించినాడు గాని, గాజు చేసే పద్ధతిని మాత్రం బయటపెట్టలేదు. అది సంస్థ వ్యాపార రహస్యం. బెనెడిక్ట్‌బోయెర్న్‌కు వచ్చిన పెద్దలకు పరికరాలన్నీ చూపేవారు. కొలిమి మర్మం చెప్పేవారు కారు. తనను పైకి తెచ్చిన ఉట్‌ష్నైడర్ వ్యాపారాన్ని కాపాడడమా, తెలిసినది లోకానికి చెప్పడమా అన్న రెంటిలో ఆయన మొదటిదాన్నే ఎంచుకున్నాడు. కృతజ్ఞత దృష్ట్యా ఇది సబబే. శాస్త్రం దృష్ట్యా మాత్రం నష్టమే జరిగినది. ఇంగ్లండులో ఆయన గాజుకు సాటి గాజు చేయడానికి ఒక సంఘం ఏర్పడి, మైఖేల్ ఫారడే అంతటివానిని కొలిమి ముందు కూర్చోబెట్టినది. 1825 నుండి ఐదు సంవత్సరాలకు పైగా ఆయన శ్రమపడినా, దూరదర్శినులకు ఉపయోగపడే ఫలితం పెద్దగా దక్కలేదు.

1824లో ఫ్రాన్‌హోఫర్ పనితనానికి శిఖరమనదగిన దూరదర్శిని సిద్ధమైనది. నేటి ఎస్తోనియా దేశంలోని టార్టు, ఆనాటి డోర్పాట్ విశ్వవిద్యాలయం కోసం చేసిన ఆ పరికరపు కటకం వ్యాసం 24 సెంటీమీటర్లు. ఆ కాలంలో ప్రపంచమంతటా అంత పెద్ద నిర్దోషమైన జంట కటకం మరొకటి లేదు. ఆకాశం తిరిగే వేగానికి సరిగా దూరదర్శినిని త్రిప్పే గడియార యంత్రం దానికి అమర్చినాడు. ఖగోళవేత్త స్ట్రూవ్ దానితో వేలకొలది జంట నక్షత్రాలను పరిశీలించినాడు. అభిజిత్ నక్షత్రపు దూరాన్ని కొలవడానికి పూనుకొని 1837లో తొలి ఫలితం ప్రకటించినాడు. కోనిగ్స్‌బర్గ్‌లోని బెస్సెల్ కోసం ఫ్రాన్‌హోఫర్ మరొక విచిత్ర పరికరాన్ని సంకల్పించినాడు. అందులో కటకాన్ని నిలువునా రెండు సగాలుగా కోసి, ఒక సగాన్ని మరొక సగం ప్రక్కన జరపడం ద్వారా నక్షత్రాల నడుమ అతి సూక్ష్మమైన కోణాలను కొలుస్తారు. ఎంతో కష్టపడి నిర్దోషంగా చేసిన కటకాన్ని కోయవలసిన పరికరమది! అది 1829లో పూర్తయినది. దానితో బెస్సెల్ 1838లో హంస రాశిలోని ఒక నక్షత్రపు దూరాన్ని నిస్సందేహంగా నిర్ణయించినాడు.

ఆ కీర్తిని చూడడానికి ఫ్రాన్‌హోఫర్ లేడు. చిన్ననాటి నుండి బలహీనమైన దేహం. దానిపై గాజుపొడి, కొలిమి సెగ, సీసపు ఆవిరి. 1825 శరదృతువులో పట్టిన జబ్బు మరి వదలలేదు. క్షయతో 1826 జూన్ 7న మ్యూనిక్‌లో కన్ను మూసినాడు. వయస్సు ముప్పది తొమ్మిది. పెళ్ళి చేసుకోలేదు. సంస్థలో తొలినాటి భాగస్వామి రైఖెన్‌బాక్ కొద్దిరోజులకు ముందే మరణించినాడు. ఇద్దరి సమాధులూ ప్రక్క ప్రక్కనే.

ఫ్రాన్‌హోఫర్ దాచిన రహస్యం చివరకు దాగలేదు. గినాన్ కుమారుల ద్వారా ఫ్రాన్సుకు, అక్కడినుండి బాంటెంప్ అనే పనివాని ద్వారా 1848లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు చేరినది. వృద్ధుడు తనతో తీసుకొనిపోయిన విద్య ఆ విధంగా లోకానికి అందినది. ఫోటోగ్రఫీ 1839లో ప్రకటితమైనప్పుడు, మరుసటి సంవత్సరం వియన్నాలో పెట్జ్‌వాల్ లెక్కగట్టిన ముఖచిత్ర కటకానికి కూడా క్రౌను, ఫ్లింటు గాజుల జతే ఆధారమైనది. 1884లో జేనా నగరంలో షాట్, అబ్బే కలిసి కొత్తరకం గాజుల కర్మాగారం నెలకొల్పినప్పుడు, కొలత మీద గాజు చేయడమన్న పద్ధతే వారికి పునాది.

నల్లని గీతల మర్మాన్ని 1859లో కిర్ఖాఫ్ విప్పినాడు. ఏ మూలకం ఏ వెలుగును విడుదల చేస్తుందో అదే వెలుగును చల్లని ఆవిరిగా ఉన్నప్పుడు హరిస్తుంది. సూర్యునిలో డి గీత ఉన్నదంటే అక్కడ సోడియం ఉన్నదన్నమాట. తొమ్మిదేళ్ళ తరువాత ఈ విద్య తెలుగునేలకు వచ్చినది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు, మచిలీపట్నం మీదుగా సాగినప్పుడు, ఫ్రాన్సు నుండి వచ్చిన జాన్‌సెన్ గుంటూరులో పరికరం నిలిపి సూర్యుని అంచున లేచే జ్వాలలలో వెలిగే గీతలను చూచినాడు. అవి ఎంత ప్రకాశవంతంగా ఉన్నవంటే, గ్రహణం లేకుండా కూడా చూడవచ్చునని ఆయనకు తోచినది. మరునాడే గుంటూరు ఎండలో చూచి నిరూపించినాడు. ఆ జ్వాలల పసుపు గీత డి గీతకు చేరువలో ఉన్నా దానితో కలియడం లేదని ఆ సంవత్సరమే ఇంగ్లండులో లాకియర్ తేల్చినాడు. అది అప్పటికి ఎరుగని మూలకానిది. సూర్యుని పేర హీలియం అన్నారు. భూమిపై అది 1895లో గాని దొరకలేదు. గీతలను అక్షరాలతో గుర్తుపెట్టిన ఆ పటం లేకుంటే, కలిసినదో కలియనిదో చెప్పడానికి ఆధారమే ఉండేది కాదు.

హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాలకు పదిహేను అంగుళాల గ్రబ్ దూరదర్శిని వచ్చినది. ఆకాశపు పటాలు తీసే పరికరం యార్క్ కుక్ సంస్థది. అవన్నీ జీర లేని గాజు మీద ఆధారపడినవే.

ఇక చెన్నూరు యువకుని సంగతి. పాత కటకం కొనబోయేటప్పుడు అతడు పగటి వెలుతురుకు ఎత్తి చూస్తే చాలదు. చీకటి పడిన తరువాత ఇరవై ముప్పది అడుగుల దూరాన చిన్న దీపం ఉంచి, కటకాన్ని చేయి చాచి పట్టుకొని, కన్ను సరిగా కేంద్రానికి వచ్చేవరకు ముందుకు వెనుకకు జరపాలి. ఒక స్థానంలో కటకమంతా వెలుగుతో నిండిపోతుంది. అప్పుడు లోపల జీర ఉంటే దారం పోగువలె స్పష్టంగా బయటపడుతుంది. తరువాత చేతిదీపాన్ని ప్రక్కవాటుగా వేసి చూడాలి. సాలెగూటివలె, వేళ్ళువలె శాఖలుగా ప్రాకినది కనిపిస్తే అది బూజు. వానకాలమంతా తోలు సంచిలో మూసిపెట్టిన కటకానికి మన ప్రాంతంలో అది పట్టక మానదు. పలుచగా ఉన్నప్పుడే శుభ్రం చేయిస్తే పోతుంది, ముదిరితే పూతను, గాజును తినివేస్తుంది. అంచున సబ్బునీటి బుడగ రంగులు మెరిస్తే రెండు గాజులను అతికించిన జిగురు వీడుతున్నదని అర్థం. పొగమంచువంటి మసక అంతటా పరచుకుంటే చిత్రంలో నలుపు బూడిదరంగుగా మారుతుంది. ముందుభాగాన ఒకటి రెండు సన్నని గీతలున్నా చిత్రానికి వచ్చే లోటు స్వల్పం. వెనుకభాగాన లోతైన గీత ఉంటే మాత్రం ఆలోచించాలి. చిన్న బుడగ ఒకటి ఉంటే, దానిని చూపి ధర తగ్గించుకొని, నిశ్చింతగా కొనుక్కోవచ్చు.

బెనెడిక్ట్‌బోయెర్న్ మఠం ఆవరణలో ఫ్రాన్‌హోఫర్ పనిచేసిన గాజుశాల ఈనాడు ప్రదర్శనశాలగా ఉన్నది. డోర్పాట్ దూరదర్శిని టార్టు పాత వేధశాలలోనే భద్రంగా నిలిచి ఉన్నది.